పది రోజులకు సరిపడే ఒక్క ప్రశ్న

వేసవి శిబిరంలో పిల్లలకు ఏదైనా నేర్పమని అడిగితే చాలామంది ఫోన్ పెట్టేసేలోపే అంశం చెప్పేస్తారు. లెక్కల మాస్టారైతే వేదగణితం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయితే కోడింగ్, డిగ్రీ చదివే అమ్మాయి అయితే స్పోకెన్ ఇంగ్లీష్, రిటైరైన అధికారి అయితే వ్యక్తిత్వ వికాసం. అడిగినవాళ్లకూ అంతే కావాలి. కరపత్రంలో వేసుకోవడానికి ఒక పేరు దొరికింది. ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూస్తారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, శాఖా గ్రంథాలయం హాల్లోనో, ఊరి బడి వరండాలోనో పిల్లలు చాపల మీద వచ్చి కూర్చుంటారు. మొదటి రోజు కొత్త కాబట్టి వింటారు. రెండో రోజు గోడ గడియారం వంక చూస్తారు. మూడో రోజు కొంతమంది రారు, వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో చెప్పేవాళ్లకే తోచదు. ఓపికా తెలివీ ఉన్న మనుషులకే ఇలా అవుతుంది. వాళ్ల చేతిలో ఉన్నది ఒక శాస్త్రం పేరు మాత్రమే. రేపు పొద్దున పిల్లలు కూర్చుని చేసే పని అందులో లేదు.

అంశం ఎంచుకోవడానికి కనీసం ఒక వారం తీసుకోండి. పాఠం తయారు చేసుకోవడం కంటే ఈ వారమే ముఖ్యమని నా నమ్మకం. సరైన అంశం దొరికితే పాఠం దానంతటదే నడుస్తుంది, తప్పు అంశం మీద ఎంత తయారైనా మూడో రోజుకు ఖాళీ అవుతుంది. సరైన అంశమంటే ఒక ప్రశ్న. మీరు ఇష్టంగా చేసే పనిలోంచి పుట్టినది, పిల్లల చేతులకు అందేంత చిన్నది, పది రోజులు తవ్వినా అడుగు తగలనిది. ‘రసాయన శాస్త్రం’ ఒక అంశం కాదు. ‘ఉప్పు వేస్తే మామిడి ముక్కలోంచి నీళ్లు ఎందుకు కారతాయి?’ అన్నది అంశం.

ఈ ఉప్పు ప్రశ్ననే కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే ‘నాకేం వచ్చు?’ అనుకునేవాళ్లకు ఇది దారి చూపిస్తుంది.

నాకేం వచ్చమ్మా

అపార్ట్‌మెంట్‌లో శిబిరం పెట్టే అమ్మాయిలు మూడో అంతస్తు ఆంటీ దగ్గరికి వెళ్లి, ‘ఆంటీ, మీరు కూడా ఒక పది రోజులు ఏదైనా చెప్పండి’ అంటారు. ఆవిడ ‘నాకేం వచ్చమ్మా, వంట తప్ప’ అంటారు. అదే నెలలో ఆవిడ ఇంట్లో మాగాయ పెడుతుంటారు. కాయలు చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెడతారు. మూడో రోజుకు జాడీ నిండా ఊట దిగుతుంది. ముక్కలు పిండి ఎండలో వేసి, ఎండిన ముక్కల్ని మళ్లీ ఆ ఊటలోనే కలుపుతారు. ఆవిడకు ఇది చెయ్యి తిరిగిన పని. పిల్లలకు ఇందులో పెద్ద శాస్త్రముంది.

ఒకే బరువున్న ముక్కలు మూడు గాజు గ్లాసుల్లో వేయించండి. ఒకదాంట్లో ఉప్పు లేదు, రెండోదాంట్లో చెంచా, మూడోదాంట్లో నాలుగు చెంచాలు. మర్నాడు ఊటను చెంచాలతో కొలవమనండి. ముక్కల్ని పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద మళ్లీ తూచమనండి, తగ్గిన బరువుకూ దిగిన ఊటకూ పొంతన కుదిరిందేమో చూసుకోమనండి. నాలుగైదు రోజుల్లో ఉప్పులేని గ్లాసులో బూజు కనిపిస్తుంది. అప్పుడు పిల్లలే అడుగుతారు, ఉప్పున్న గ్లాసుకు ఎందుకు పట్టలేదని. ముక్కలోని నీళ్లను లాగినట్టే బూజును పుట్టించే జీవుల్లోని నీళ్లనూ ఉప్పు లాగేస్తుందని, నీళ్లు లేనిదే అవి పెరగలేవని అప్పుడు చెప్పాలి. ముందే చెబితే అది వినేసిన మాట అయిపోతుంది. ఆ తర్వాత బెల్లంతో అదే ప్రయోగం చేయవచ్చు, బెల్లం ఆవకాయ ఎందుకు నిలవ ఉంటుందో తెలుస్తుంది. ఎండుద్రాక్షను మంచినీళ్లలో వేస్తే రాత్రికి రాత్రి ఎందుకు ఉబ్బుతుందో అడగవచ్చు, అక్కడ నీళ్లు అటునుంచి ఇటు నడుస్తాయి. పది రోజులు చాలవు.

ముక్కలు తరగడం మాత్రం పెద్దవాళ్లే చేయాలి. ప్రయోగం కోసం గ్లాసుల్లో పెట్టినవాటిని ఎవరూ నోట్లో పెట్టుకోకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

కాబట్టి మీ సర్టిఫికెట్లు పక్కన పెట్టి మీ వారాన్ని చూసుకోండి. ఎవరూ అడగకుండానే మీరు చేసే పని ఏది? సైకిల్ మీరే బాగు చేసుకుంటారా? రేడియో విప్పుతారా? మిద్దె మీద కుండీల్లో తోటకూర పెంచుతారా? బస్సు ఎక్కగానే ఊళ్ల పేర్లు చదువుతూ ‘పల్లి’ ఎక్కడ ఆగి ‘పూడి’ ఎక్కడ మొదలైందో గమనిస్తారా? మీకు దాని మీద ఉన్న ప్రేమ పిల్లలకు మొదటి ఐదు నిమిషాల్లోనే అందుతుంది. లేని ప్రేమను నటిస్తే అదీ అంతే త్వరగా అందుతుంది. ఇంకో సంగతి: ఆ పనిలో మీకు ఇంకా తెలియనిది ఏదో ఒకటి మిగిలి ఉండాలి. అన్నీ తెలిసిన విషయాన్ని మనం చెప్పేస్తాం, కొంత తెలియని విషయాన్ని పిల్లలతో కలిసి చూస్తాం. పిల్లలకు ఆ తేడా బాగా తెలుసు.

మెలికల ముగ్గు లోతు

అంశాన్ని చిన్నదిగా చేస్తే పది రోజులు ఎలా సాగుతుందని అనుమానం వస్తుంది. నిజానికి పెద్ద అంశమే త్వరగా అయిపోతుంది. ‘రేఖాగణితం’ అని పెట్టుకుంటే త్రిభుజం, చతురస్రం, వృత్తం చెప్పేసరికి సరుకు అయిపోతుంది. మెలికల ముగ్గు తీసుకుంటే ఏమవుతుందో చూడండి. నాకు తెలిసినంతలో వేసవి శిబిరానికి ఇంతకన్నా మంచి అంశం లేదు.

చుక్కలు బెత్తెడు దూరంలో వరసగా పెట్టాలి. రెండు వరసలు, వరసకు మూడు చుక్కలతో మొదలుపెట్టండి. సూత్రం ఒక్కటే: పక్కపక్కనా పైనా కిందా ఉన్న ప్రతి రెండు చుక్కల నడుమా గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటాలి, అంచుకు వచ్చాక గీత చివరి చుక్కను చుట్టి వెనక్కి మళ్లాలి. చెయ్యి ఎత్తకుండా గీసుకుంటూ పోతే గీత అన్ని చుక్కల చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలుస్తుంది. రెండు మూళ్ల ముగ్గు ఒక్క గీతతో పూర్తయింది.

ఇప్పుడు రెండు వరసల్లో రెండేసి చుక్కలు పెట్టమనండి. గీత మొదటికి వచ్చి కలిసింది, కానీ సగం దారులు ఖాళీగా మిగిలాయి. ఇంకో గీత మొదలుపెట్టాలి. రెండు గీతలు. మూడు వరసల్లో మూడేసి పెడితే? మూడు గీతలు కావాలి. మూడు వరసల్లో నాలుగేసి పెడితే మళ్లీ ఒక్క గీతే చాలు. పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. చుక్కలు పెరిగాయి, గీతలు తగ్గాయి. ఇదెలా?

ఈ ‘ఇదెలా’ దగ్గర మీరు నోరు మెదపకూడదు. కాగితం మీద ఒక పట్టిక గీయించండి, పైన ఒకటి నుంచి ఆరు, పక్కన ఒకటి నుంచి ఆరు. ఒక్కొక్కరూ కొన్ని ముగ్గులు పంచుకుని వేసి, ఎన్ని గీతలు పట్టాయో పట్టికలో నింపాలి. రెండు నాలుగులు, రెండు గీతలు. మూడు ఐదులు, ఒకటి. నాలుగు ఆరులు, రెండు. మూడు ఆరులు, మూడు. ఎవరో ఒకరు తప్పు గీస్తారు, పక్కవాళ్లు దాన్ని పట్టుకుంటారు, మళ్లీ వేస్తారు. పట్టిక నిండేసరికి ఆరో తరగతి దాటిన పిల్లల్లో ఎవరో ఒకరు అంటారు, ‘ఇది గసాభా కదా!’ అవును. చుక్కల వరసల సంఖ్యకూ, వరసలో ఉన్న చుక్కల సంఖ్యకూ గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో గీతలు అన్ని. బడిలో పరీక్ష కోసం చేసిన లెక్క నేల మీద ఇలా కనిపించడం ఒక పిల్లవాడి జీవితంలో చిన్న విషయం కాదు.

అక్కడితో ఆగిపోనక్కర్లేదు. ఆరు తొమ్మిదులకు ఎన్ని గీతలో గీయకుండా ముందే చెప్పమని అడగవచ్చు. చెప్పి, గీసి చూసుకుంటారు, మూడు వస్తాయి. పెద్ద పిల్లలైతే ఇంకో అడుగు వేయించండి. నాలుగు ఆరుల ముగ్గులోంచి నాలుగు నాలుగుల చదరం తీసేస్తే నాలుగు రెండుల ముక్క మిగులుతుంది. మిగిలినదానికీ రెండు గీతలే. పెద్దదాంట్లోంచి చదరాలు కోసుకుంటూ పోతే చివరికి మిగిలే చదరమే జవాబు చెబుతుంది. గసాభా కనుక్కోవడానికి యూక్లిడ్ చెప్పిన భాగహార పద్ధతి ఇదే. చిన్నపిల్లలకు ఇవేవీ అక్కర్లేదు. వాళ్లు రంగు సుద్దలతో ఒక్కో గీతకు ఒక్కో రంగు వేస్తూ, ఎన్ని రంగులు పట్టాయో లెక్కపెడుతూ అదే పనిలో ఉంటారు.

ఆఫ్రికాలో అంగోలా ప్రాంతపు చోక్వే ప్రజలు ఇసుకలో వేలితో చుక్కలు పెట్టి వాటి చుట్టూ ఇలాంటి గీతలే తిప్పుతారు. వాళ్లు వాటిని సోనా అంటారు. కథ చెబుతూ గీస్తారు, కథ అయ్యేసరికి గీత కూడా అవుతుంది. మొజాంబిక్‌లో పనిచేసిన పౌలుస్ గెర్డెస్ అనే గణితాచార్యుడు వాటిలోని లెక్కల మీద పుస్తకాలే రాశారు. ప్రపంచ పటం మీద అంగోలా ఎక్కడుందో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు.

మగపిల్లలు ముగ్గనగానే ‘అది ఆడవాళ్లది’ అని వెనక్కి జరుగుతారు. దానికి భయపడి పేరు మార్చకండి. ముగ్గనే చెప్పండి, ముగ్గుపిండి వాళ్ల చేతికే ముందు ఇవ్వండి. తమ ఇంటి ముందు అమ్మ రోజూ వేసేదాంట్లో ఇంత లెక్క ఉందని వాళ్లకు తెలియడం కూడా ఈ అంశంలో భాగమే.

ఎండాకాలం తానే తెచ్చే అంశాలు

బడికి దొరకనివి కొన్ని వేసవికే దొరుకుతాయి. శిబిరంలో వాటిని వాడుకోకపోవడం నష్టమే. నీడలేని రోజు అలాంటిది. కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్య ఉన్న ఊళ్లన్నిటి మీదా ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పక్కకు పడదు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ పూర్తిగా ఆ మధ్యలోనే ఉన్నాయి, పైగా ఏడాదిలో వచ్చే ఆ రెండు నీడలేని రోజుల్లో మొదటిది సరిగ్గా సెలవుల్లోనే వస్తుంది. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలో, విజయవాడలో మే మొదటి వారంలో, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, ఆదిలాబాద్‌లో మే మూడో వారంలో. రెండోసారి వచ్చేది వానాకాలంలో కాబట్టి మబ్బులు అడ్డుపడవచ్చు.

పది రోజుల శిబిరం మధ్యలో ఆ రోజు పడేలా చూసుకుంటే అంశం పూర్తిగా దొరికినట్టే. రోజూ ఒకే కర్రను ఒకేచోట నిలబెట్టి, మధ్యాహ్నం అతి చిన్న నీడ ఎంతుందో కొలుస్తూ పోవాలి. నీడ రోజురోజుకూ కుంచించుకుపోతుంది, ఒక రోజు మాయమవుతుంది, ఆ తర్వాత అవతలి వైపున మొలుస్తుంది. అప్పటిదాకా ఉత్తరానికి పడిన నీడ దక్షిణానికి తిరుగుతుంది. ‘మిట్టమధ్యాహ్నం అంటే పన్నెండే కదా’ అనే పిల్లలకు గడియారం ఇంకో చిక్కు తెస్తుంది. మే నెలలో హైదరాబాద్‌లో అది దాదాపు 12 గంటల 12 నిమిషాలకు వస్తుంది, కాకినాడలో పన్నెండుకు రెండు మూడు నిమిషాల ముందే వస్తుంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది, హైదరాబాద్ దానికి పడమరగా ఉంది. మేనత్త వేరే ఊళ్లో ఉంటే ఆవిడకు ఫోన్ చేసి అక్కడి నీడ ఏ నిమిషానికి అతి చిన్నదైందో కనుక్కోమనండి. రెండు ఊళ్ల మధ్య తేడాను పిల్లలే కొలిచారు.

అయితే మే నెల ఎండ ఎలాంటిదో మనకు తెలుసు. పిల్లల్ని మిద్దె మీద గంటసేపు నిలబెట్టే అంశం ఎంత గొప్పదైనా వద్దు. కర్ర ఎండలో ఉండాలి, పిల్లలు నీడలో ఉండాలి. ఐదు నిమిషాలకోసారి ఇద్దరు చొప్పున టోపీలు పెట్టుకుని వెళ్లి గుర్తు పెట్టి రావాలి, మంచినీళ్ల కుండ పక్కనే ఉండాలి. ఇలా కుదిరే చోటు లేకపోతే ఈ అంశం వదిలేయండి.

కోకిల ఇంకో అంశం. కూసేది మగకోకిల, నల్లగా ఉంటుంది. ఆడకోకిల గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని చూసినా కోకిల అనుకోరు. తన గుడ్లను కాకి గూట్లో పెడుతుంది, ఆ పని ఈ నెలల్లోనే సాగుతుంది. వీధిలో కాకిగూళ్లు ఎన్ని ఉన్నాయో, కోకిల ఏ వేళల్లో ఎక్కువ కూస్తుందో పొద్దున్నే రాసుకోవడం పల్లెలోనే కాదు, హైదరాబాద్‌లో చెట్లున్న ఏ కాలనీలోనైనా కుదురుతుంది.

వద్దనాల్సినవి

వచ్చే ఏడాది సిలబస్ వద్దు. తల్లిదండ్రులు ఇదే ఎక్కువగా అడుగుతారు, ‘ఎలాగూ ఖాళీయే కదా, ఏడో తరగతి లెక్కలు కాస్త ముందుగా చెప్పేయండి’ అని. ఇలా చేస్తే జూన్‌లో బడి తెరిచాక ఆ పిల్లవాడికి కొత్తదనం పోతుంది, వెనకబడిన పిల్లవాడికి సెలవుల్లోనూ వెనకబడటమే మిగులుతుంది. నైతిక విలువలు, క్రమశిక్షణ, లక్ష్యసాధన లాంటివీ అంశాలు కావు. అవి మరేదో పని చేస్తుండగా అలవడతాయి. ఒకే సుద్దముక్కను నలుగురు పంచుకున్నప్పుడు అబ్బినది విలువల మీద గంట ఉపన్యాసంతో అబ్బదు.

మీరు చేసి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవి వద్దు. ఇంద్రజాలంలా కనిపించే సైన్స్ ప్రదర్శనలు ఒక సాయంత్రానికి బాగుంటాయి, పది రోజులకు నిలవవు. ఖరీదైన పెట్టె కొనుక్కు రమ్మనే అంశాలు అసలే వద్దు. ఆ పెట్టె కొనలేని ఇంటి పిల్ల రెండో రోజు రాదు, ఎందుకు రాలేదో మీకు చెప్పదు.

ఇంకో రకం ఉంది, పైకి చాలా అందంగా ఉంటుంది కాబట్టి జాగ్రత్త కావాలి. ‘మా వంశవృక్షం’, ‘నాన్నతో నా వేసవి’, ‘మా ఇంటి పండుగ’ లాంటివి. తండ్రి లేని పిల్ల, అమ్మమ్మ ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడు, ఇంటిపేరు చెబితే చుట్టూ చూపులు మారతాయని ఇప్పటికే తెలిసిన పిల్లవాడు మీ ముందు కూర్చుని ఉండవచ్చు. పెద్దవాళ్ల జ్ఞాపకాలు పిల్లలకు అందాలనే కోరిక మంచిదే. దాన్ని ఇంటి గడప లోపలికి కాకుండా వీధిలోకి తిప్పండి. ‘మన వీధికి నీళ్లు ఎక్కడినుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కడినుంచి వస్తున్నాయి?’ అని అడగండి. ఏ తాతనైనా అడగవచ్చు, ఎదురింటి తాతనైనా సరే. పల్లెలో చేదబావి, చెరువు, బోరు, రక్షిత నీటి ట్యాంకు వరసగా బయటికొస్తాయి. హైదరాబాద్‌లో అయితే 1908 మూసీ వరద, ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, అటుపైన మంజీర, కృష్ణ, గోదావరి. తమ వంటింటి కుళాయిలోకి కృష్ణ నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తున్నాయని తెలుసుకున్న పిల్లలు పటం మీద ఆ దారి గీస్తారు. మధ్యలో ఎన్నిచోట్ల నీటిని పైకి తోడాలో అడుగుతారు.

ఎవరొచ్చినా చోటుండాలి

కరపత్రంలో ‘8 నుంచి 12 ఏళ్లు’ అని వేస్తారు. ఆరేళ్ల చెల్లెల్ని వెంటబెట్టుకుని పదమూడేళ్ల అక్క వస్తుంది. అమ్మ పనికి వెళ్లింది, చెల్లెల్ని ఒక్కదాన్నే ఇంట్లో వదలలేదు. ఆ ఇద్దరిలో ఒక్కరినే రానిచ్చే అంశం మన ఊళ్లకు పనికిరాదు. అంశాన్ని పరీక్షించడానికి ఇది మంచి గీటురాయి: ఆరేళ్ల పాప మొదటి పది నిమిషాల్లో చెయ్యి కదపగలదా? పదమూడేళ్ల అమ్మాయికి ఆరో రోజున కూడా తేలని చిక్కు మిగిలి ఉందా?

గవ్వలు ఇందుకు బాగా సరిపోతాయి. అష్టాచెమ్మా నాలుగు గవ్వల ఆట. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. చిన్నవాళ్లు ఆడుతూ ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు పెడతారు. గవ్వ రెండు వైపులా సమానంగా పడేదైతే నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. అందులో ఆరింట్లో రెండు పడుతుంది, అష్టాకు ఒక్కటే అవకాశం. పెద్దవాళ్లు ఆ పదహారూ కాగితం మీద రాసి, చిన్నవాళ్ల లెక్కతో పోల్చి చూస్తారు. పొంతన కుదరదు, ఎందుకంటే గవ్వ నాణెం లాంటిది కాదు. దాని వీపు గుండ్రన, పొట్ట బల్లపరుపు. ఎంత తేడా ఉంది? చింతపిక్కలు ఒకవైపు అరగదీసి ఆడితే ఆ తేడా ఎటు మారుతుంది? అక్కచెల్లెళ్లిద్దరికీ పని ఉంది.

అగ్గిపుల్లలు, సన్నటి సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు ఉన్నా చాలు. ఇలాంటి వాటితో పిల్లలకు శాస్త్రం నేర్పే తీరును మన దేశమంతటా పరిచయం చేసినవారు అరవింద్ గుప్తా. మూడు పుల్లలు కలిపితే త్రిభుజం బిగిసి నిలబడుతుంది, నాలుగు కలిపితే చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది. ‘ఒరగకుండా ఉండాలంటే ఇంకెన్ని పుల్లలు కావాలి?’ అన్న ప్రశ్నతో వారం గడుస్తుంది. రాజమండ్రి పిల్లలకైతే 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన కళ్లముందే ఉంది, ఉక్కు త్రిభుజాలను అక్కడికెళ్లి లెక్కపెట్టుకోవచ్చు. మిగతావాళ్లకు కరెంటు టవర్లున్నాయి.

గుజరాత్‌లోని భావనగర్‌లో పిల్లల కోసం బడి నడిపిన గిజుభాయి బధేకా 1930లలో రాసిన పుస్తకం తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. అందులోని ఉపాధ్యాయుడు మొదటి రోజుకని వేసుకున్న పథకం పిల్లల అల్లరిలో కొట్టుకుపోతుంది. మర్నాడు అతను కథ మొదలుపెడతాడు, గది కుదురుకుంటుంది. శిబిరంలో నేర్పబోయే ప్రతి ఒక్కరూ ఆ పుస్తకం చదవాలి. పిల్లల్ని మన అంశం వైపు ఈడ్చుకు రావడం కాకుండా, వాళ్లు ఇప్పటికే మనసు పెట్టిన చోటునుంచి మొదలుపెట్టడం అంటే ఏమిటో అందులో కనిపిస్తుంది.

తేల్చుకోవడం

కాగితం మీద నచ్చిన అంశం పిల్లల ముందు నిలుస్తుందో లేదో ఆలోచించి తెలుసుకోలేం. ముందే ఒకసారి చేసి చూడాలి. శిబిరానికి రెండు మూడు వారాల ముందు మీ వీధిలో ఇద్దరు పిల్లల్ని, వయసులో తేడా ఉన్నవాళ్లను, అరగంట కూర్చోబెట్టుకోండి. పాఠం చెబుతున్నామని చెప్పకండి. సుద్దముక్క ఇచ్చి చుక్కలు పెట్టండి, లేదా గవ్వలు చేతికివ్వండి. మీరు ఎంతసేపు మాట్లాడారో, వాళ్ల చేతులు ఎంతసేపు కదిలాయో గమనించండి. మీ మాటలే ఎక్కువైతే అంశం ఇంకా పెద్దదిగా ఉందని అర్థం, ఇంకొంచెం కోయండి. ‘ముగ్గులు’ను ‘మెలికల ముగ్గు’ చేయండి, దాన్ని ‘ఒక్క గీతలో ఎప్పుడు పూర్తవుతుంది?’ దాకా తీసుకురండి. మర్నాడు వాళ్లు పిలవకుండా వస్తే, వచ్చి మీరు అడగనిదేదైనా అడిగితే, మీ అంశం తేలినట్టే. ఇద్దరూ రాకపోతే మీ దగ్గరున్న రెండో అంశంతో అదే అరగంట మళ్లీ చేయండి. దీనికి బాధపడాల్సిందేమీ లేదు, శిబిరం మొదలయ్యాక తెలియడం కన్నా ఇప్పుడు తెలియడం మేలు.

కరపత్రంలో అంశం పేరు మీరే రాసి ఇవ్వండి. నిర్వాహకులకు వదిలేస్తే ‘గణితంలో మెళకువలు’ అని వేసేస్తారు. ‘ఎన్ని చుక్కలు పెడితే ముగ్గు ఒక్క గీతలో పూర్తవుతుంది? మీరే కనిపెట్టండి’ అని వేయించండి. ఆ వాక్యం చదివి వచ్చే పిల్లలు పనికి సిద్ధపడే వస్తారు. ‘దీనివల్ల మా వాడికి ఉపయోగమేమిటండీ?’ అని ఒక తండ్రి తప్పకుండా అడుగుతారు. ఆయన ప్రశ్నను గౌరవించండి, ఫీజు కట్టినా కట్టకపోయినా పిల్లవాడి పది రోజులు మీకిస్తున్నారు. గసాభా అని పెద్ద పేరు చెప్పి ఒప్పించడం కన్నా, ఆయన్నే కూర్చోబెట్టి మూడు నాలుగుల ముగ్గు వేయించడం మంచిది.

చివరగా ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని పది పేజీలకు రోజుల అంకెలు వేయండి. మొదటి ఆరు పేజీల్లో ఒక్కో పేజీకి ఒక్కటే వాక్యం రాయండి: ఆ రోజు పిల్లలు చేతులతో చేసే పని. ‘వివరించాలి’, ‘తెలియజేయాలి’ అన్న మాటలు వస్తే కొట్టేసి మళ్లీ రాయండి. కావాల్సిన సామాను పేజీ కింద రాసుకోండి, మీ వీధి చివరి కొట్టులో దొరకనిది ఉంటే మార్చండి. ఏడో పేజీ నుంచి ఖాళీగా ఉంచండి. మొదటి ఆరు రోజుల్లో పిల్లలు అడిగి, మీరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు అక్కడికి వస్తాయి.